తునికాకు వేళకు తెరవని అంగన్‌వాడీ

మొన్న మా వీధి చివరింటి అమ్మాయికి అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి, "పిన్నీ, నువ్వు ముప్పై ఏండ్లు చేసినవ్ గదా, నాకేమన్న చెప్పు" అంది. "మంచి రెయిన్‌కోటు కొనుక్కో. అడవి ఊళ్లలో దోమతెర లేకుండా పడుకోకు" అన్నాను. నవ్వి వెళ్లిపోయింది. ఆమె గేటు దాటాక నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల ఉద్యోగం గురించి అడిగితే నాకు తోచింది రెయిన్‌కోటా! చెప్పాల్సింది వేరే ఉంది. అది ఎదురుగా కూర్చొని నోటితో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

మాది నేలకొండపల్లి. పెళ్లీ ఉద్యోగమూ ఒకే ఏడాది వచ్చాయి. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ బదిలీ ఎవరు ఆపారు అన్న సంగతులు ఇక్కడ రాయను. అవి నాకు తప్ప ఎవరికీ పట్టవు, నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకూ పట్టడం లేదు.

అసలు పని

అంగన్‌వాడీ అంటే జనానికి గుడ్లు, పాలు, బాలామృతం. మా శాఖలో సగం మందికి కూడా అంతే. కానీ ఆరేళ్లలోపు పిల్లలున్న ఏ ఇంట్లోకైనా పిలవకుండా వెళ్లగలిగిన మనిషి ఊళ్లో అంగన్‌వాడీ టీచరు ఒక్కతే. పోలీసు వస్తే ఇల్లంతా వణుకుతుంది. నర్సు వస్తే ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. టీచరు మాత్రం ఊరికే వస్తుంది, పొయ్యి పక్కన కూర్చుంటుంది, "బిడ్డ ఎందుకింత చిక్కింది?" అని అడుగుతుంది. ఏ తల్లి విసిగిపోయి ఉందో, ఏ తండ్రి చెయ్యి లేస్తోందో, ఏ పిల్లను పగలు చూసేవాళ్లు లేరో ఆమెకు అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ సమయానికి ఇంటికి కాస్త ఆసరా దొరికితే బిడ్డ దెబ్బలు తినదు, తల్లిని విడిచి ఎక్కడో శిశుగృహంలో పెరగాల్సిన గతి పట్టదు. మా పని అదే. ట్రైనింగులో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. పినపాకలో ఒక ఆఫీసరు చెప్పారు.

పినపాకలో ఒక ఇల్లు

అప్పటికి నేను చేరి మూడో నాలుగో ఏళ్లు. గనిలో కాంట్రాక్టు పని చేసే ఒకతని ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడి వీపు మీద గరిటె దెబ్బలు కనబడ్డాయి. కొట్టింది తల్లే. చంకలో మూడు నెలల పసిబిడ్డ, మొగుడికి షిఫ్టు డ్యూటీ, అత్తగారిది కరీంనగర్ అవతల. నేను ఆవేశంగా నాలుగు పేజీలు రాసుకొని మా సీడీపీవో దగ్గరికి పరుగెత్తాను. సీడీపీవో అంటే మా ప్రాజెక్టుకు పెద్ద ఆఫీసరు. రిటైర్‌మెంటు దగ్గర పడిన మనిషి, ఎప్పుడు చూసినా మెడ చుట్టూ తిరిగిన కళ్లద్దాల తాడు సరిచేసుకుంటూ ఉండేవారు. నా కాగితాలు పక్కన పెట్టారు.

"ఏమ్మా, ఆ తల్లి నిద్రపోయి ఎన్ని రోజులైందో అడిగినవా?"

"లేదు సార్."

"మరి ఏం రాసినవ్ నాలుగు పేజీలు? పో, ముందు ఆమెను పగటిపూట రెండు గంటలు నిద్రపోనియ్యి. తర్వాత మాట్లాడదాం."

అంతే చేశాం. టీచరు పొద్దున్నే వెళ్లి పెద్దవాణ్ని కేంద్రానికి తీసుకొచ్చేది, సాయంత్రం ఆలస్యంగా దింపేది. మధ్యాహ్నం పసిదాన్ని ఆయా ఎత్తుకునేది, తల్లి పడుకునేది. నేను వారానికోసారి వెళ్లి ఆమె పెట్టిన టీ తాగుతూ ఆమె అత్తగారి మీద ఫిర్యాదులు వినేదాన్ని. రెండు నెలలకు పిల్లవాడి వీపు మానింది, మళ్లీ దెబ్బ పడలేదు. ఒకరోజు ఆమే, "అక్కా, నన్ను జైలుకు పంపుతారనుకున్న" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉద్యోగం మొత్తంలో నన్ను చూసి నేను గర్వపడిన రోజులు తీసి లెక్కిస్తే చాలా తక్కువ. అందులో ఇదొకటి.

ఇది ముందు ఎందుకు రాశానంటే, తర్వాత చెప్పబోయే తప్పు తెలియక చేసిన తప్పు కాదని మీకు తెలియాలి.

రమణమ్మ అడిగింది

చాలా ఏళ్ల తర్వాత నాకు ములకలపల్లి వైపు సెక్టారు ఇచ్చారు. ఇరవై పైచిలుకు కేంద్రాలు, ఎక్కువగా అడవి అంచున ఉన్న కోయ గుంపులు. గుంపు అంటే అక్కడ చిన్న ఊరు, ముప్పై నలభై ఇళ్లు. అలాంటి ఒక గుంపులో టీచరు రమణమ్మ. పక్క ఊరి మనిషి, రోజూ ఆటోలో వచ్చేది. కోయ భాష పుట్టినప్పటి నుంచి వచ్చినంత తేలిగ్గా మాట్లాడేది. నాకు అందులో నాలుగు మాటలు కూడా రావు. నేర్చుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు, సిగ్గుపడాల్సిన సంగతే.

ఎండాకాలంలో అక్కడ తునికాకు కోత ఉంటుంది. బీడీలకు వాడే ఆకు. ఉన్నది మూడు నాలుగు వారాలు. ఎండ ముదరకముందే కోయాలి కాబట్టి ఆడా మగా ఐదింటికే అడవిలోకి వెళ్లి పదింటికి మూటలతో తిరిగి వస్తారు. మా కేంద్రం తెరిచేది ఎనిమిదింటికి. మధ్యలో మూడు గంటలు చిన్నపిల్లలు ఎక్కడుంటారు? ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల దగ్గర. లేకపోతే ఎవరి అవస్థ వాళ్లది.

ఆ ఏడు కోత మొదలయ్యే ముందు రమణమ్మ నన్ను అడిగింది.

"మేడం, ఈ మూడు వారాలు నేను ఐదింటికే వచ్చి సెంటర్ తెరుస్త. పదింటికి మూస్త. గంటలు గవే గదా. మా ఆయన బండి మీద దింపుతా అన్నడు."

"ఎట్ల కుదురుతది రమణమ్మా? ఫోన్‌లో హాజరు ఎనిమిది తర్వాతనే తీసుకుంటది."

"హాజరు ఎనిమిదికే వేస్త మేడం. పిల్లలు ముందునుంచే ఉంటరు, అంతే."

"ఐదింటికి చీకట్ల ఏ పిల్లకో పామో తేలో కుడితే జవాబు ఎవరు చెప్పాలె? నువ్వు చెప్తవా, నేను చెప్పాలెనా?"

"సరే మేడం" అంది. చూడండి, నా భయం పిల్ల గురించి కాదు, జవాబు గురించి. అప్పటి మా ఆఫీసరుకు ఫోటోలంటే ప్రాణం. ఏ కేంద్రం ఫోటో ఎన్నింటికి వచ్చిందో చూసి గ్రూపులో అందరి ముందూ కడిగేసేవారు. ఆయన మీద నెపం వేసి తప్పించుకోవచ్చు గానీ, ఒక్కసారి ఆయన్ను అడిగి చూడాలని కూడా నాకు అనిపించలేదు. అడిగితే ఒప్పుకునేవారేమో.

ఆ పొద్దు

కోత మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఒకనాడు ఆ గుంపుకు వెళ్లాను. చెప్పకుండా వెళ్లడం నాకు అలవాటు, అదొక గొప్ప అనుకునేదాన్ని. నేను చేరేసరికి ఏడున్నర. కేంద్రానికి తాళం ఉంది, రమణమ్మ ఆటో ఇంకా రాలేదు. గుంపులో మనుషుల అలికిడి లేదు. ఒక ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినబడి అటు నడిచాను.

తడిక తలుపు తీసి చూస్తే రెండున్నరేళ్ల ఆడపిల్ల. నడుముకు పాత చీర చుట్టి, ఆ చీర కొసను గుంజకు కట్టేశారు. పిల్ల పేరు సమ్మక్క అని తర్వాత తెలిసింది. తర్వాత అంటే ఫారం నింపేటప్పుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పశువును కట్టేసినట్టు కట్టేస్తారా అనుకున్నాను. పిల్ల నన్ను చూసి ఏడుపు ఆపి రెండు చేతులూ చాపింది, ఎత్తుకోమని. నేను ఫోన్ తీసి ఫోటో తీశాను. కట్టు కనబడేలా ఒకటి, పిల్ల ముఖం కనబడేలా ఒకటి, గుంజా పిల్లా కలిసి ఒకటి. విప్పితే సాక్ష్యం పోతుందని విప్పలేదు. పిల్ల చేతులు దించేసి మళ్లీ ఏడుపు అందుకుంది. నేను బయటికొచ్చి, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కొని, పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ ఇంట్లో ఉన్నవన్నీ కనబడతాయి. చీర మెత్తటి నూలుది, నడుము దగ్గర వదులుగా ఉంది. పిల్ల చేతికందే చోట గిన్నెలో నీళ్లు, ఆకులో ఉడికించిన గడ్డ ముక్కలు. చీర పొడవు పొయ్యి దగ్గరికి చేరనంత. ఇంటి వెనక గోడలేని బావి, చీర ఆ గుమ్మం దాకా కూడా రాదు. ఎవరో కూర్చొని, కొలిచి, ఆలోచించి కట్టిన కట్టు అది. బావి తప్ప అవన్నీ నా ఫోటోల్లో కూడా ఉన్నాయి. ఫోటో తీసిన నాకు మాత్రం ముడి ఒక్కటే కనబడింది.

ఎనిమిదింటికి రమణమ్మ వచ్చింది. సంగతి చూసి వెంటనే చీర విప్పి పిల్లను చంకనేసుకుంది.

"మేడం, ఏం చేసిన్రు? రోజు నేనే వచ్చి విప్పి సెంటర్‌కు తీస్కపోత. దీని తల్లి జోగమ్మ ఆకుకు పోయింది. అత్త ఇంట్ల ఉంటే పిల్లను ఆమెనే చూస్తుండె. ఆ ముసలామె కాలు ఇరిగి భద్రాచలం దవాఖానల ఉన్నది. మొగుడు బోరు లారీ మీద పనికి పోయిండు. ఈ పదిహేను రోజులే మేడం."

"అంటే నీకు తెలుసా? తెలిసి రిపోర్టు చెయ్యలేదా?"

ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూయించాను. ఆమె ఉద్యోగం నా సంతకం మీద ఉందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. "మీకు చెప్పిన గదా మేడం, ఐదింటికి తెరుస్త అని" అని ఆమె అనవచ్చు. అనలేదు. అనకపోయినా నాకు వినబడింది. అది వినబడ్డందుకే ఇంకా గట్టిగా మాట్లాడాను.

తొమ్మిదిన్నరకు హెల్ప్‌లైన్ వాళ్ల జీపు వచ్చింది. వచ్చినవాళ్లు నా ఫోటోలు చూసి, ఇంట్లో పెద్దవాళ్లు లేరని, నేను బాధ్యతగల ఉద్యోగినని నా మాట మీద పిల్లను తీసుకున్నారు. తల్లి వచ్చేదాకా ఆగుదామా అని వాళ్లలో ఒకాయన అడిగాడు. "వస్తే గొడవ చేస్తది, పోదాం పదండి" అన్నది నేనే. పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

అడవి దారిలో కొంత దూరం పోయాక ఆకు మూటలతో ఆడవాళ్లు ఎదురొచ్చారు. జీపుకు దారి ఇవ్వడానికి మూటలు ఎత్తుకొనే పక్కకు జరిగి నిలబడ్డారు. ఒళ్లో పిల్ల ఒక్కసారిగా లేచి కిటికీకి అడ్డంపడి వాళ్ల భాషలో అరిచింది. జీపు కుదుపులకు భయపడిందనుకొని వెనక్కి లాగి గట్టిగా పట్టుకున్నాను. పక్కకు జరిగిన ఆ ఆడవాళ్లలో జోగమ్మ ఉంది. ఆ పిల్ల ప్రతి నెలా ఎన్ని కిలోలు తూగిందో రిజిస్టరు చూసి చెప్పగలను, తల్లి ముఖం మాత్రం అప్పటికి నాకు తెలియదు.

పది నెలలు

పిల్లను శిశుగృహంలో పెట్టారు. నేననుకున్నది, తల్లిని పిలిచి మందలిస్తారు, వారం పది రోజుల్లో పిల్లను పంపిస్తారు అని. ఒకసారి బిడ్డ ఇల్లు దాటితే తిరిగి రావడానికి ఎన్ని గడపలుంటాయో నాకు తెలియదు. తెలిసి ఉండాల్సింది. జోగమ్మ దగ్గర పుట్టిన సర్టిఫికెట్ లేదు. పిల్లల సంక్షేమ కమిటీ పిలిచిన రోజున రావాలంటే రెండు బస్సులు మారాలి. వచ్చిన రోజున భర్త ఏడీ అన్నారు, భర్త వచ్చిన రోజున ఇంకో కాగితం అన్నారు. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఎదురుగా నా ఫోటోలు పెట్టుకొని ఎవరు మాత్రం త్వరగా పంపిస్తారు?

తప్పు జరిగిందని నాకు మొదటి నెలలోనే అర్థమైంది. రమణమ్మ చెప్పిందంతా కాగితం మీద పెట్టి, నేను పొరపాటు పడ్డానని రాసి ఇచ్చి ఉంటే పిల్ల ముందే వచ్చేది. రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రోజూ రేపు రాద్దామనుకునేదాన్ని. ఈ నాలుగు నెలలకు నా దగ్గర ఏ సాకూ లేదు.

పది నెలల తర్వాత సమ్మక్కను నేనే తీసుకొచ్చాను. కొత్త గౌను, రెండు జడలు, బుగ్గలు వచ్చాయి. మంచి తెలుగు మాట్లాడుతోంది. గుంపు మొత్తం కేంద్రం ముందు నిలబడి ఉంది. జోగమ్మ ముందుకొచ్చి కూర్చొని వాళ్ల భాషలో ఏదో అంటూ చేతులు చాపింది. పిల్ల నా చీర పట్టుకొని వెనక్కి వెళ్లి, "ఈ ఆంటీ ఎవరు?" అని నన్ను అడిగింది.

జోగమ్మకు తెలుగు అర్థమవుతుంది. చేతులు అలాగే చాపి కొంచెంసేపు కూర్చుంది. తర్వాత పిల్ల గౌనుకంటిన దుమ్ము దులిపింది. రమణమ్మ ముఖం పక్కకు తిప్పుకొని ఏడ్చింది. నాకు ఏడ్చే ముఖం కూడా లేదు.

ఎందుకు చేశాను

ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. పినపాకలో వీపు మీద దెబ్బలు చూసి కూడా తల్లిని నిద్రపోనిచ్చిన మనిషిని, ఇక్కడ దెబ్బే లేని పిల్లను ఎందుకు తీసుకుపోయాను? వయసు, పని ఒత్తిడి, ఆఫీసరు అని చాలా చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. పినపాక ఇల్లు నా ఇంటిలాంటిదే. నా భాష, నా టీ గ్లాసు, అత్తగారి మీద నాలాంటి ఫిర్యాదులే. ఆమె అలసిపోయిన తల్లి అని నమ్మడం నాకు తేలికైంది. కోయ గుంపులో తడిక తలుపు తీసినప్పుడే నా మనసులో తీర్పు తయారుగా ఉంది. వీళ్లకు పిల్లల్ని పెంచడం రాదు అని. ఆ మాట నేనెప్పుడూ పైకి అనలేదు. అననక్కర్లేకుండానే పని జరిగింది.

కొత్తగా వచ్చే అమ్మాయిలకు చెప్పేది ఇదే. నిజంగా హింస ఉన్న ఇళ్లు ఉన్నాయి, బిడ్డను వెంటనే తీసేయాల్సిన ఇళ్లు నేను చూశాను, అక్కడ ఒక్క నిమిషం ఆగకండి. కానీ మీకు కోపం వచ్చిన ప్రతి ఇల్లూ అలాంటిది కాదు. ఫోన్ తీసే ముందు బిడ్డను ఎత్తుకోండి. మీకంటే ముందునుంచీ ఆ ఇంటికి వెళ్తున్న టీచరును అడగండి, ఆమె చెప్పేది నచ్చకపోయినా వినండి. ఇంకొకటి. ఆ ఇంటికి ఆ కష్టం రావడంలో మన తాళం పాత్ర ఎంతో చూసుకోండి.

మరుసటి ఏడు తునికాకుకు కేంద్రం ఐదింటికే తెరిచాం. ఆఫీసరును అడిగితే, "హాజరు టైముకు పడితే నాకేం, తెరుచుకోండి" అన్నారు. రెండు నిమిషాల మాట. ఏ పిల్లనూ పాము కరవలేదు, తేలు కుట్టలేదు. చాపల మీద పిల్లలు ఎనిమిదింటిదాకా నిద్రపోయేవారు, లేచి గుడ్డు తినేవారు. చుట్టుపక్కల నాలుగు గుంపుల్లో అలాగే చేశాం. అందరూ పిల్లల్ని దింపి వెళ్లారు. జోగమ్మ దింపలేదు. ఆకుకే పోలేదు. సమ్మక్కను పక్కన కూర్చోబెట్టుకొని కోతంతా ఇంట్లోనే ఉంది. నా స్కూటీ చప్పుడు వింటే ఆ వరసలో తలుపులు మూసుకునేవి. గడపలు ఎక్కడమే పని అయిన మనిషికి అంతకంటే శిక్ష ఉండదు.

జోగమ్మ ఇంటి ముందు

రిటైరయ్యే వారం ఆ గుంపుకు వెళ్లాను. ఈసారి ముందే కబురు పంపి వెళ్లాను. రమణమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. జోగమ్మ ఇంటి ముందు కూర్చొని ఇప్ప పువ్వు ఆరబోస్తోంది. నన్ను చూసి లేచింది గానీ లోపలికి రమ్మనలేదు. కొంచెం సేపటికి నులక మంచం వాల్చింది.

"పిల్ల ఏది?" అన్నాను.

"ఆశ్రమ బళ్లె ఉన్నది. మూడు చదువుతది."

"మాట్లాడుతదా నీతో?"

"మాట్లాడతది. తెలుగుల మాట్లాడతది." మళ్లీ పువ్వు ముందు కూర్చొని, "మా మాట నేర్పుతున్న. కొంచెం కొంచెం వస్తది" అంది.

దారి పొడుగునా మాటలు కూడబెట్టుకొని వెళ్లాను. అక్కడికి వెళ్లాక అవేవీ రాలేదు. "తప్పు చేసిన జోగమ్మా. క్షమించమని అడగడానికి వచ్చిన" అన్నాను. ఆమె చేత్తో పువ్వు సదురుతూనే ఉంది. ఆరబోసిందంతా ఒకసారి సదరడం అయ్యాక నా వైపు చూసింది.

"ఒక మాట అడుగుత మేడం. ఏమనుకోవు గదా."

"అడుగు."

"ఆ పొద్దు పిల్ల నీకు చేతులు చాపిందంట గదా. మంచం దిగలేని పక్కింటి అవ్వ వాకిట్లకెళ్లి చూసింది. అరగంటైతే రమణమ్మ వస్తుండె. గప్పటిదాక ఎత్తుకొని కూసుంటే అయిపోతుండె గదా. ఎందుకు ఎత్తుకోలే?"

ఆమె గొంతులో కోపం లేదు. ఇన్నేళ్లుగా నిజంగా తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది. అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"ఎత్తుకొని కూసోవచ్చు జోగమ్మా. ఆ పొద్దు నాకు వేరే పనేం లేకుండె" అన్నాను.